రెండో పిడికెడు

పోయిన ఆదివారం మా కాలనీ చర్చిలో, ఈ మధ్యనే వచ్చిన కుర్ర పాస్టరు గారు మైకు పగిలిపోయేటట్టు ప్రసంగం చేసి, చివర్న ఒక మాట అడిగారు. లోకం పుట్టకముందే దేవుడు తనను ఏర్పరచుకున్నాడని నమ్మకమున్న వాళ్లందరూ చేతులెత్తాలన్నారు. కీబోర్డు వాయించే పిల్లవాడు, ఒళ్లో పసిపిల్లలున్న తల్లులు, గనిలో డ్యూటీ దిగి వచ్చి అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న మగవాళ్లు, ఒకరేమిటి, అందరి చేతులూ లేచాయి. నా చేయి లేవలేదు. పట్టుదలకు పోయి ఎత్తకపోవడం కాదు, భుజం నొప్పీ కాదు, ఒళ్లో పెట్టుకున్న చేయి ఒళ్లోనే ఉండిపోయింది. పక్కన కూర్చున్న మనవరాలు, మా అబ్బాయి కూతురు, ఇంటిదాకా ఓపిక పట్టి, గేటు తీస్తూ అడిగింది.

“నానమ్మా, నువ్వెందుకు చెయ్యి ఎత్తలే? నీకు డౌటా ఏంది?”

దానికేమీ చెప్పలేదు. చెప్పాలంటే వాగు దగ్గర మొదలుపెట్టాలి, తెప్పలూ దోనెలూ ఎట్లా ఉండేవో వివరించాలి, ఈలోగా దాని చేతిలో ఫోను నాలుగుసార్లు మోగుతుంది. నా ఈడు వాళ్లయితే సగం చెప్పగానే మిగతా సగం తామే అందుకుంటారని, ఇదిగో, మీ ముందు కూర్చున్నాను.

మా ఊరు పినపాక అవతల, అడవిలోకి పోయాక వచ్చే వాగుకు ఆవలి గట్టున ఉండేది. ఊరంటే పెద్దగా ఊహించుకోకండి, వెదురు దడులు, మట్టి గోడలు, చుట్టూ పోడు చేలు, ఎండాకాలం ఇప్పపువ్వు వాసన. ఎండాకాలంలో ఆ వాగు ఉత్త ఇసుక. ఆడవాళ్లం చెలమలు తవ్వుకొని, నీళ్లు ఊరేదాకా కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవాళ్లం. వానాకాలం వచ్చిందంటే మాత్రం అదే వాగు మమ్మల్ని లోకం నుంచి తెంపేసేది. అప్పుడు ఊరికి దిక్కు మా నాయన. తాటి మొద్దు తొలిచి చేసిన దోనె ఒకటి ఆయనకుండేది, దానికొక పొడుగాటి వెదురు గడ. బడి పంతులైనా, ఉప్పు అమ్మేవాడైనా, పురిటి మనిషైనా, ఆ గడ పోటు మీద దాటవలసిందే. మనిషి మితభాషి. దోనెలో కూర్చున్నవాళ్లు ఎంత వాగినా ఊకొట్టి, గట్టు చేరగానే చేయందించి దింపేవాడు.

అమ్మ దేవుణ్ణి నమ్ముకోవడానికి కారణం ఒక జ్వరం. ఇది ఆమె చెప్పగా విన్నదే, ఎందుకంటే అప్పుడు నేను ఆమె పక్కలో పసిగుడ్డును. నన్ను కన్న తర్వాత ఒళ్లు కాలిపోయి, మనిషి దక్కదనుకున్నాక, డోలీ కట్టి మోసుకుపోయి, భద్రాచలం వైపు ఒక దవాఖానాలో వేశారు. పక్క మంచంలో మా పక్క ఊరి ఆమె, అదే జ్వరం, అదే పచ్చి బాలింత. ఆమె తెలిసిన దేవుళ్లందరినీ పిలిచింది, బతికిస్తే అది ఇస్తాను ఇది ఇస్తాను అని మొక్కుకుంది. మా అమ్మకు నోరు తెరిచే ఓపిక కూడా లేదు, ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు. తెల్లవారి చూస్తే, అడిగిన ఆమె ముఖం మీద గుడ్డ కప్పి ఉంది, అడగని అమ్మకు చెమట పోసి జ్వరం దిగింది.

దవాఖానాకు ప్రార్థన చేయడానికి వచ్చే ఒక పెద్దమనిషిని అమ్మ అడిగిందట, ఆమెను విడిచి నన్నెందుకు బతికించాడని. ఆయనే తర్వాత మా ఊరికి బోధకుడై వచ్చి అందరికీ అయ్యగారయ్యారు. పెనుబల్లి వైపు మనిషి, మాట కాస్త కోస్తా వాటం, కోపం తెలియని ముఖం. ఆయన అమ్మతో, దీనికే కనికరం అని పేరు, ఇది మంచితనం చూసి ఇచ్చేది కాదు, అడిగితే వచ్చేది కాదు, నువ్వు పుట్టకముందే ఆయన నిన్ను ఎంచుకున్నాడు, అంతే, అన్నారట. ఆ మాటను అమ్మ, పొరుగింటి నుంచి పెంకులో నిప్పు తెచ్చుకున్నట్టు, ఆరిపోకుండా ఇంటిదాకా తెచ్చుకుంది. నేనేమీ చెయ్యలేదు, ఆయనే నన్ను ఏరుకున్నడు అని వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెప్పి నవ్వేది. ఆ నవ్వు నాకు బాగా గుర్తు. తర్వాత మళ్లీ చూడలేదు గనక, ఇంకా గుర్తు.

అమ్మ వాగులో బాప్తిస్మం తీసుకున్న రోజు నాయన గట్టున పొడి చీర పట్టుకొని నిలబడ్డాడట. వద్దనలేదు. ఊళ్లో కొందరు గొణిగితే, ఆమె బతికొచ్చింది, ఆమె ఇష్టం అన్నాడట. అంతేకాదు, ప్రార్థనకని వేసిన పాకకు తాటాకు కప్పింది ఆయనే. వాగు నిండిన రోజుల్లో ప్రతి ఆదివారం అయ్యగారిని దాటించింది ఆయనే. ప్రార్థన జరుగుతున్నంతసేపు లోపలికి రాకుండా చూరు కింద కూర్చొని నార తాడు పేనుకుంటూ వినేవాడు. పాటలన్నీ ఆయనకు వచ్చు, పాడేవాడు కాదు. నేను పెద్దదాన్నయి బాప్తిస్మం తీసుకున్న రోజున వాగు కొంచెం ఉరవడిగా ఉంటే, అయ్యగారు తూలిపోకుండా నాయనే ఆయన పక్కన నడుము లోతు నీళ్లలో గడ పాతి పట్టుకొని నిలబడ్డాడు. నేను మునిగి లేచి కళ్లు తుడుచుకునేసరికి ఎదురుగా నాయన ముఖమే ఉంది. అదే నీళ్లు, అదే ఘడియ, ఆయన తల ఒక్కటే తడవలేదు.

ఎందుకు మునగలేదో నాకు తెలుసు, ఎందుకంటే ఆ మాట జరిగినప్పుడు దోనెలో నేనున్నాను. మా కోయవాళ్లలో కొత్తల పండుగ అని ఉంది కదా. చేలో కొత్త పంట వచ్చినప్పుడు, పోయిన పెద్దలకు ఆకుల్లో పెట్టకుండా ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోకూడదు. నాయన తల్లి, అంటే నా నాయనమ్మ, ఆయన చిన్నప్పుడే పోయింది. ఆ వాగు దాటి ఏ బోధకుడూ రాని కాలం అది. ఏటేటా ఆమెకు ఆకు వేసేది ఈయనొక్కడే, ఇంకో కొడుకు లేడు. ఆ రోజు నడి వాగులో గడ ఆపి, ఉన్నట్టుండి అడిగాడు.

“అయ్యగారూ, మా అమ్మను గూడ ఏరుకున్నడా మీ దేవుడు?”

అయ్యగారు దోనె అంచు పట్టుకొని ఆయన వైపు తిరిగారు. “తెలియదయ్యా. ఆయన దయ ఆయన ఇష్టం. తెలుసంటే అబద్ధమవుద్ది” అన్నారు.

“గట్లయితే నన్ను రమ్మనకుండ్రి. నేను గీ నీళ్లల్ల మునిగితే ఆమెకు ఆకెవరేస్తరు? ఆమె ఏడుంటే నేను గూడ ఆడనే ఉంట.”

అని గడ వేశాడు. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. గట్టు చేరాక ఎప్పటిలాగే చేయందించి దింపాడు. అయ్యగారు ఆ చేయి పట్టుకొని ఒక క్షణం వదల్లేదు. ఇంకో బోధకుడైతే ఆ క్షణాన ఏదో ఒక తీపి మాట చెప్పి నాయనను ముంచి లేపేవాడేమో, ఊరంతా హల్లెలూయ అనేది, నేనీ రోజు ఇది చెప్పవలసిన పని ఉండేది కాదు. అయ్యగారికి అబద్ధం చేతకాలేదు. ఆయన నిజాయితీని మెచ్చుకోవాలో తిట్టుకోవాలో, ఇన్నేళ్లయినా తేల్చుకోలేదు.

పిడికెడు బియ్యం సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పొయ్యి మీదికి ఎసరు పెట్టినప్పుడల్లా, బియ్యం కడగకముందే, ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేయడం, ఆదివారం దాన్ని కొంగులో పోసుకొని పోయి చర్చిలో బుట్టలో పోయడం. జొన్నలున్ననాడు జొన్నలే. అయ్యగారి తిండీ, ఊళ్లో ఏ దిక్కూ లేనివాళ్ల తిండీ ఆ బుట్టలోంచే. అందరూ ఒక్క పిడికెడు తీస్తే అమ్మ రెండు తీసేది. రెండోది నాయన పేరున. నాయన పొయ్యి ముందు చుట్ట ముట్టించుకుంటూ ఏడిపించేవాడు, నా వంతు గూడ నువ్వే ఏస్తున్నవు, మీ దేవుడు నన్ను గుర్తుపడ్తడా అని. అమ్మ మూతి తిప్పేది. ఆ ఏడిపింపులో ఆయనకూ ఏదో సుఖమున్నదని నాకు ఇప్పుడనిపిస్తుంది, ఎవరో తన పేరు చెప్పి గింజలు వేస్తున్నందుకు.

ఒక ఏడు వానలు ఆగకుండా పట్టాయి. నాయనకు చలిజ్వరం తిరగబెట్టింది. ఆకు పసరు పోశారు, వేల్పు దగ్గర అడిగించారు, అమ్మ మోకాళ్ల మీద పడింది. వాగు గట్లు ఒరుసుకొని పారుతోంది. దవాఖానాకు పోదామంటే దాటించేవాడు దొరకలేదు, ఎందుకంటే దాటించేవాడే మంచంలో ఉన్నాడు. దోనె ఒడ్డున చెట్టుకు కట్టేసి ఉంది. వయసు పిల్లలు కొందరు గడ పట్టి చూశారు గానీ, ఆ నీళ్ల మీద దాన్ని నడపడం వాళ్ల తరం కాలేదు.

కబురు ఎట్లా చేరిందో, పొద్దున్నే అయ్యగారు అవతలి గట్టుకు వచ్చారు. చేతిలో గొడుగు గాలికి తిరగబడితే పారేసి, తడుస్తూ నిలబడ్డారు. నేను చూశాను. కేకేస్తే వినపడదు, అంత హోరు. ఆయన అటు, మేము ఇటు, మధ్యన ఎర్రటి నీళ్లు. నేను పరుగెత్తి ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. నాయన కళ్లు తెరిచాడు.

“అయ్యగారు వచ్చిండా?”

“అవ్, వచ్చిండు. అవతలి గట్టు మీద నిలబడ్డడు” అన్నది అమ్మ.

నాయన మోచేతుల మీద లేవబోయాడు. లేవలేక మళ్లీ పడిపోయి, “గడ ఏడున్నదే?” అని అడిగాడు. అవే ఆఖరి మాటలు. ఆ మధ్యాహ్నమే పోయాడు.

ఆ మాట చుట్టూ అమ్మ బతుకంతా తిరిగింది. అయ్యగారు వచ్చాడా అని ఆయన ఎందుకడిగాడు? బాప్తిస్మం తీసుకోవాలని మనసైందా, చివరి ఘడియలో దేవుడు పట్టి లాగాడా? లేక గట్టు మీద ఒక మనిషి తడుస్తూ నిలబడ్డాడంటే, జన్మంతా చేసిన పనే గనక, పోయి దాటించుకొని రావాలనుకున్నాడా? మొదటిదైతే ఆయన దక్కాడు. రెండోదైతే లేదు. నేను ఎన్నిసార్లు ఆ మంచం పక్కన మనసులో నిలబడి చూశానో, ఆ కళ్లలో ఏదీ నాకు స్పష్టంగా కనిపించదు.

మర్నాటికి వాగు తీసింది. అడవి వాగు తీరే అంత, ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది. అయ్యగారు గడ సాయం లేకుండా నడిచే దాటి వచ్చారు. అప్పటికే ఊరివాళ్లు వాళ్ల పద్ధతిలో నాయనను సాగనంపేశారు. అయ్యగారిని చూడగానే అమ్మ లేచి నిలబడింది. అమ్మ దేవుడితో తెలుగులో మాట్లాడేది, ఏడుపు వస్తే మాత్రం మా కోయ మాటలోనే ఏడ్చేది. ఆ రోజు ఏడవలేదు, తెలుగులోనే అడిగింది.

“అయ్యగారూ, వాగును నింపింది ఎవరు?”

అయ్యగారు అక్కడే నేల మీద కూర్చుండిపోయారు. సైతాను నింపాడనవచ్చు, వానలు గనక నిండింది అనవచ్చు. ఆయన చెప్పక చెప్పక, “ఆయనేనమ్మా” అని, తువ్వాలు ముఖానికి కప్పుకొని వెక్కి వెక్కి ఏడ్చారు. దేవుడి సెలవు లేనిదే ఆకైనా రాలదని అంతకాలం మాకు నేర్పింది ఆయనే కదా, ఇప్పుడు మాట మార్చుకోలేకపోయారు. నేనేమీ చెయ్యలేదు, ఆయనే నన్ను ఏరుకున్నడు అన్న అమ్మ మాట ఆ రోజుతో ఆగిపోయింది. తన విషయంలో తీపిగా ఉన్న మాటే, పెనిమిటి దగ్గరికి వచ్చేసరికి కత్తి అయి కూర్చుంది.

అయినా రెండో పిడికెడు మానలేదు. అయ్యగారికి తెలుసు. ఆదివారం అమ్మ కొంగు విప్పితే, బుట్ట ముందుకు జరిపేవారు. ఆయన ఉన్నంతకాలం అట్లాగే నడిచింది. ఆయన వయసు మళ్లి తన ఊరు వెళ్లిపోయాక, వేరే పెద్దలు వచ్చారు. ఒక ఆదివారం బుట్టలో పోస్తూ అమ్మ పక్కనున్న ఆమెతో, ఇది మా ఆయనది అని మామూలుగా అనేసింది. ఆ మాట పెద్దల చెవిన పడింది. ఆయన పోయి చాలా కాలమైంది కదా అన్నారు. అవునన్నది అమ్మ, దాచుకోవలసిన తప్పేముందని. చచ్చినవాళ్లకు గింజలు పెట్టడం అన్యాచారమనీ, కొత్తల పండుగలో ఆకు వేయడానికీ దీనికీ తేడా ఏమీ లేదనీ, పోయినవాడి పేరున పెట్టినదాన్ని దేవుడి భాగంలో కలపకూడదనీ వాళ్లు చెప్పారు. మర్యాదగానే చెప్పారు, అరవలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని అంటారు గానీ, వాళ్లను అనడానికి కూడా నాకు నోరు రాదు. వాళ్లు చెప్పింది బోధ ప్రకారం సరైనదే. అమ్మ చేసిందీ అదే, నాయన తన తల్లికి ఆకు వేసినట్టే ఈమె ఆయనకు పిడికెడు వేసింది, పేరు మాత్రం మార్చింది. మా అడవిలో పుట్టిన మనిషి తప్ప ఇంకెవరూ ఆ పొరపాటు చేయరు.

వాళ్లలో ఒకాయన, సంగతి అంతటితో తెగిపోవాలని కాబోలు, బుట్టలో చేయి పెట్టి ఒక పిడికెడు తీసి అమ్మ కొంగులో పోశాడు. అప్పటికి బుట్టలో ఊరందరి గింజలూ కలిసిపోయి ఉన్నాయి. అమ్మ కొంగులోకి చూసింది, బుట్టలోకి చూసింది.

“ఇందుల ఆయనయి ఏవి?”

ఎగతాళిగా అడిగింది కాదది, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. మా ఇంటి పోడు బియ్యమూ, పక్కింటివాళ్ల సంత బియ్యమూ, దాంట్లో ఏది ఉంచవలసింది, ఏది తీసేయవలసింది? ఒక మనిషి కళ్లు మూసుకొని పిడికిలి పట్టాడు, పట్టులోకి వచ్చినవి బయటికి వచ్చాయి, రానివి లోపల ఉన్నాయి. నేను చదివిన నాలుగు ముక్కలతో ఆ తర్వాత ఎన్నో ప్రసంగాలు విన్నాను, దేవుడు ఏర్పరచుకోవడం గురించి ఎవరెంత విప్పి చెప్పినా నాకు ఆ బుట్టే కనిపిస్తుంది. దేవుడు కళ్లు మూసుకొని పిడికిలి పట్టడని చెబుతారు. నమ్మాలనే ఉంటుంది.

ఆ గింజలను అమ్మ వండలేకపోయింది, పారేయలేకపోయింది. చాలాసేపు కొంగు పట్టుకొని వాకిట్లో నిలబడి, చివరికి వాగు గట్టుకు పోయి, బోర్లించి పుచ్చిపోతున్న దోనె పక్కన పోసి వచ్చింది. ఆ మర్నాటి నుంచి ఒక్క పిడికెడే. ప్రార్థన కూడా ఒక్క మాటకు వచ్చింది, నీ ఇష్టం అని. విన్నవాళ్లు ఎంత విశ్వాసం అనేవారు. కూతుర్ని గనక నాకు తెలుసు, అది అలిసిపోయిన మనిషి మాట.

ఆఖరి రోజుల్లో అమ్మ నా దగ్గర, ఈ క్వార్టర్‌లోనే ఉంది. అప్పటి పాస్టరు గారు ఒకనాడు పగటిపూట వచ్చి, భయపడవద్దమ్మా, నువ్వు ఏర్పరచబడిన దానివి, నీ స్థలం అక్కడ సిద్ధంగా ఉంది అని ఎంతో ప్రేమగా చెప్పారు. అమ్మ ఆయన్ని తేరిపార చూసి, “నన్నొక్కదాన్నేనా?” అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇప్పుడు ఆ వాగు మీద బ్రిడ్జి వచ్చింది. మొన్నామధ్య మా అబ్బాయి బండి మీద తీసుకుపోతే, ఎప్పుడు దాటామో కూడా నాకు తెలియలేదు. ఎంత వాగు వచ్చినా ఇప్పుడు ఎవరూ అవతలి గట్టున తడుస్తూ నిలబడరు, కారులో వచ్చి ప్రార్థన చేసి వెళ్లిపోతారు. చర్చిలో బియ్యం బుట్ట లేదు, తలుపు పక్కన, ఫోను చూపించి కానుక డబ్బులు వేసే స్టిక్కరు అంటించారు. పాటలు బాగున్నాయి, ఫ్యాన్లు ఉన్నాయి, పిల్లలు చక్కగా వాక్యం ఒప్పజెబుతారు, కాదనను. ఒక్కటే పోయింది. తెలియదయ్యా అని చెప్పి, చెప్పినందుకు ఏడ్చే మనుషులు పోయారు. ఇప్పుడందరికీ అన్నీ తెలుసు, అడగ్గానే చేతులు లేస్తాయి.

సోమవారం పొద్దున కోడలికి సాయంగా బియ్యం కడగబోయాను. నా చేయి అలవాటుగా ఒక పిడికెడు తీసి గిన్నెలో పెట్టింది. తర్వాత, ఎన్నడూ లేనిది, ఇంకో పిడికెడు తీసింది. కోడలు చూసి, “ఎవరికి అత్తమ్మా, బుట్ట ఎత్తేసి ఎన్నేండ్లాయె” అని నవ్వి, రెండూ బియ్యం డ్రమ్ములో పోసేసింది. అది చేసిన దాంట్లో తప్పు లేదు.

మనవరాలికి ఇంకా జవాబు బాకీ ఉన్నాను. డౌటు కాదు తల్లీ. దేవుడు నన్ను ఏరుకున్నాడనే నా భయం. ఆ చేయి ఎత్తితే నేను మీ ముత్తవ్వ దగ్గరికి పోతాను, ఎత్తకపోతే మీ ముత్తాత దగ్గరికి పోతాను. ఇద్దరికీ నేనొక్కదాన్నే కూతుర్ని. అందుకే అది ఒళ్లోనే ఉండిపోయింది.